దూరపు కొండల దగ్గరికి వెళ్దాం



మా క్వార్టర్ మేడ మీద నిలబడి చూస్తే ఏ వైపునా కొండ కనిపించదు. ఒక వైపు రైల్వే యార్డు, అందులో వరసగా నిలబడ్డ గూడ్సు బండ్లు. ఇంకో వైపు హథ్‌ఖోజ్ పారిశ్రామిక ప్రాంతం. అక్కడ రేకుల షెడ్లు, పొగగొట్టాలు, ఇనుప సామాను మోసుకుపోయే లారీలు. మిగిలిన రెండు వైపులా వరి పొలాలు, వాటి మధ్య చెరువులు. మన భిలాయ్ సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంది కానీ అరచేయిలాగా చదునుగా ఉంటుంది.

"దూరపు కొండలు నునుపు" అని మనకో సామెత ఉంది. దగ్గరికి వెళ్తే గానీ ముళ్లు, రాళ్లు, పగుళ్లు కనిపించవని దాని అర్థం. మనలాంటి బదిలీ ఉద్యోగుల పిల్లలకు కొండలే కాదు, ఊళ్లు కూడా నునుపే. రెండు మూడేళ్లు ఉంటాం, టీసీ తీసుకుంటాం, వెళ్లిపోతాం. ఆ ఊరి రాయి ఎలా ఉంటుందో మన కాలికి తెలియదు.

అందుకే ఈ వ్యాసంలో నేను అడగదలచుకున్నది ఒక్కటే. మన బడికి ఒక కొండనడక క్లబ్ కావాలి. సంవత్సరానికి ఒకసారి బస్సు ఎక్కించే పిక్నిక్ నేను అడగడం లేదు. చలికాలం నెలల్లో, నెలకో రెండో శనివారాలు, మాస్టార్లతో కలిసి, కాలినడకన వెళ్లే క్లబ్ కావాలి. దానికి ఒక నియమం కూడా కావాలి. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లు ముందు నడవాలి. ఈ నియమం ఎందుకో తరవాత చెబుతాను. ముందు కొండ సంగతి చూద్దాం.

కొండ మన ఇంట్లోనే ఉంది

కొండలు లేని ఊళ్లో కొండనడక ఏమిటని మీరు నవ్వవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ ఆలోచిస్తే ఈ ఊరు బతుకుతున్నదే కొండల మీద.

మన ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పటి నుంచి ఆ కొలిమికి కావలసిన ఇనుప రాయి బాలోద్ జిల్లాలోని దల్లీ రాజహరా కొండల నుంచి వస్తోంది. వంద కిలోమీటర్ల లోపు దూరం. ఎర్రటి హెమటైట్ రాయిని తవ్వి, పగలగొట్టి, రైలు పెట్టెల్లో నింపి పంపుతారు. అది ఇక్కడ కరిగి రైలు పట్టా అవుతుంది. అంటే దేశంలో రోజూ రైలెక్కేవాళ్లలో చాలామంది, వాళ్లకు తెలియకుండానే, ఒక కొండ మీద ప్రయాణం చేస్తున్నారన్నమాట. రాజహరాలో రాయి తరిగిపోతూ ఉండడంతో ఇప్పుడు దృష్టి ఇంకా దక్షిణాన ఉన్న రావ్‌ఘాట్ కొండల మీదికి మళ్లింది.

ఉక్కు తయారీకి సున్నపురాయి కూడా కావాలి. దానికి మనకు దగ్గరలోనే నందిని గనులు ఉన్నాయి. ఈ మైదానం కింద పరచుకున్న సున్నపురాయి వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన పాత సముద్రం అడుగున పేరుకున్నది. మనం క్రికెట్ ఆడే నేల ఒకప్పుడు సముద్రమని మనలో ఎంతమందికి తెలుసు? నాకు మొన్నటిదాకా తెలియదు.

మా సొంతూరు విజయనగరం జిల్లా కొత్తవలస వైపు. కొత్తవలస నుంచి ఒక రైలు మార్గం అరకు లోయ మీదుగా బస్తర్ అడవుల్లోకి, కిరండూల్ దాకా వస్తుంది. కిరండూల్ పక్కనే బైలాడిలా కొండలు. బైలాడిలా అంటే ఎద్దు మూపురం అని అర్థం. ఆ కొండల వరస దూరం నుంచి అలాగే కనిపిస్తుందట. ఆ మూపురాన్ని తవ్విన రాయి గూడ్సు బండ్లలో మా ఊరి మీదుగా విశాఖపట్నం చేరుతుంది. చిన్నప్పుడు సెలవులకు వెళ్లినప్పుడు తాతయ్యతో గేటు దగ్గర నిలబడి ఆ పెట్టెలు లెక్కపెట్టేదాన్ని. "ఈ ఎర్ర రాళ్లన్నీ ఎక్కడివి తాతయ్యా?" అని అడిగితే, "కొండని మోసుకొస్తున్నారమ్మా" అనేవారు. సరదాగా అన్నారనుకున్నాను. ఛత్తీస్‌గఢ్ వచ్చాక తెలిసింది, ఆయన ఉన్నమాటే చెప్పారని.

కొండలు రైలెక్కి మన దగ్గరికి వస్తున్నాయి. మనం మాత్రం ఒక్కసారి కూడా వాటి దగ్గరికి వెళ్లడం లేదు. ఇది నా మొదటి ఫిర్యాదు.

పేరు గుర్తురాని అబ్బాయి

ఇప్పుడు ఆ నియమం సంగతి. ఇది చెప్పడం నాకు సులువు కాదు, అయినా చెప్పాలి.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు వేరే ఊళ్లో, వేరే బడిలో చదివేదాన్ని. ఒక శనివారం మా తరగతిని దగ్గరలో ఉన్న చిన్న కొండకు తీసుకువెళ్లారు. కొండ అంటే పెద్దదేమీ కాదు, గంటలో ఎక్కేయవచ్చు. బస్సు దిగగానే ఎవరో "ముందు పైకి చేరినవాళ్లే హీరోలు" అన్నారు. అంతే, అందరం పరుగు. నేనూ పరిగెత్తాను. మూడో స్థానంలో చేరాను కూడా. పైన నిలబడి ఊరిని చూసి గట్టిగా అరిచాం, ఫోటోలు దిగాం, తెచ్చుకున్న పులిహోర తిన్నాం, ఇంకో దారిన దిగి వచ్చేశాం.

బస్సు దగ్గర సార్ లెక్కపెడితే ఒకరు తక్కువ. "ఎవర్రా లేనిది?" అని అడిగారు. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. లేనివాడు రెండు వారాల కిందటే మా తరగతిలో చేరిన అబ్బాయి. ముఖం అందరికీ గుర్తుంది. చివరి బెంచీలో కూర్చుంటాడని గుర్తుంది. పేరు మాత్రం ఎవరికీ వెంటనే నోటికి రాలేదు. సార్ కొండ వైపు తిరిగి కేక వేయాలంటే ఏమని కేక వేయాలి? చివరికి హాజరు పట్టీలో చూసి పేరు పెట్టి పిలిచారు.

ఇద్దరు మాస్టార్లు పైకి వెళ్లారు. పొద్దుగూకే వేళకు అతన్ని తీసుకొచ్చారు. సగం దారిలో మడమ మెలిక పడిందట. ముందు వెళ్తున్నవాళ్లను పిలిచాడట, ఎవరూ వినలేదు. మేం వేరే దారిన దిగడం వల్ల అతను మాకు కనబడలేదు. ఒక పశువుల కాపరి అతని పక్కన కూర్చుని, తన సీసాలోని నీళ్లు తాగించి, ఎవరైనా వచ్చేదాకా కదలకుండా ఉన్నాడు. పేరు తెలియని ఆ మనిషికి మా అందరికంటే ఎక్కువ తెలుసు, కొండ మీద ఏం చేయాలో.

తిరుగు ప్రయాణంలో ఆ అబ్బాయి ఎవరినీ ఏమీ అనలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. సోమవారం నేను మాట్లాడదామనుకున్నాను, మాట్లాడలేదు. ఆ తరవాతా అనుకున్నాను. సంవత్సరం తిరగకుండానే వాళ్ల నాన్నగారికి బదిలీ అయింది. టీసీ తీసుకుని వెళ్లిపోయాడు. నేను క్షమాపణ చెప్పవలసిన మాట నా దగ్గరే మిగిలిపోయింది.

మరో రెండేళ్లకు మా నాన్నకూ బదిలీ వచ్చింది. జూలైలో, తరగతులు మొదలయ్యాక, నేను ఇక్కడ చేరాను. మొదటి నెల నన్ను అందరూ "న్యూ అడ్మిషన్" అనేవారు. మధ్యాహ్నం డబ్బా తెరిచి ఒక్కదాన్నే తింటూ ఉంటే, కొండ మీద మడమ పట్టుకుని కూర్చున్న అబ్బాయి గుర్తొచ్చేవాడు. మనలో ప్రతి ఒక్కరం ఏదో ఒక బడిలో ఆ అబ్బాయిలమే. అందుకే ఈ క్లబ్‌కు ఆ నియమం ఉండాలంటున్నాను. నెమ్మదిగా నడిచేవాళ్లు ముందు. కొత్తగా చేరినవాళ్లు వాళ్ల పక్కన. పరుగులు తీసేవాళ్లు వెనక.

పోటీ లేని నడక మనకు కొత్త కాదు

కొండ ఎక్కడం అంటే పందెం అని మనకు ఎవరు నేర్పారో తెలియదు. మన పెద్దవాళ్లు మాత్రం అలా ఎక్కలేదు. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు సింహాచలం గిరిప్రదక్షిణ చూసినవాళ్లు మీలో ఉంటారు. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. ముసలివాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, ఉద్యోగులు, కూలీలు అందరూ నడుస్తారు. దారి పొడుగునా మజ్జిగ, మంచినీళ్లు ఇచ్చేవాళ్లు ఉంటారు. ఎంతసేపట్లో పూర్తి చేశావని ఎవరూ అడగరు. నడిచావా లేదా అంతే.

తిరుమలకు అలిపిరి దారిలో 3,550 మెట్లు. మా అమ్మమ్మ మోకాళ్ల నొప్పులతోనే ఎక్కింది. పది మెట్లకోసారి ఆగేది. ఆమె ఆగినప్పుడల్లా మేమందరం ఆగాం. "నా కోసం మీరెందుకే ఆగడం?" అంటే, "నువ్వు లేకుండా పైన మేమేం చేస్తాం అమ్మమ్మా?" అని మా పెద్దమ్మ కూతురు అంది. కొండనడక క్లబ్‌కు ఇంతకంటే మంచి నియమావళి నేను రాయలేను.

వారాంతపు నడకలకు హైదరాబాద్‌లో ఒక చక్కని ఉదాహరణ ఉంది. అక్కడ 1996లో "సొసైటీ టు సేవ్ రాక్స్" అనే సంస్థ ఏర్పడింది. దక్కన్ పీఠభూమిలో ఆ గ్రానైటు రాళ్ల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఇళ్ల కోసం, రోడ్ల కోసం వాటిని పేల్చేస్తూ ఉంటే, కొందరు బాధపడి ఊరుకోకుండా జనాన్ని ఆ రాళ్ల దగ్గరికే నడిపించడం మొదలుపెట్టారు. ఈ నడకలకు పిల్లలూ వెళ్తారు. నడిచి చూసిన రాయిని పోగొట్టుకోవడానికి మనసు ఒప్పదు. ఫోటోలో చూసిన రాయి పోయినా మనకు తెలియదు. వాళ్ల పద్ధతిలోని కిటుకు ఇదేనని నాకు అనిపిస్తుంది.

ఇంకో ఉదాహరణ మనలాంటి ఉక్కు నగరానిదే. 1984 మే 23న ఎవరెస్ట్ ఎక్కిన మొదటి భారతీయ మహిళ బచేంద్రి పాల్ ఆ తరవాత జంషెడ్‌పూర్ వచ్చి టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్‌ను చాలా ఏళ్లు నడిపించారు. ఎందరో అమ్మాయిలు అక్కడ శిక్షణ పొందారు. ఉక్కు నగరం పిల్లలకు కొలిమి ఒక్కటే చూపించనక్కర్లేదని, కొండ కూడా చూపించవచ్చని జంషెడ్‌పూర్ చెబుతోంది.

మాలావత్ పూర్ణ పేరు మీకందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం అమ్మాయి, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. 2014 మే 25న, 14 ఏళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమెతోపాటు అదే గురుకుల సంస్థల విద్యార్థి ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. అందరూ ఎవరెస్ట్ గురించే మాట్లాడతారు. నాకు నచ్చేది దానికి ముందు సంగతి. వాళ్ల మొదటి పాఠాలు భువనగిరి కోట గుట్ట మీద జరిగాయి. అది ఒకే బండరాయి, ఊరి మధ్యలో, రోజూ బస్సులో వెళ్లేవాళ్లు కిటికీలోంచి చూసే రాయి. ఎవరెస్ట్ దూరపు కొండ. భువనగిరి దగ్గరి కొండ. దగ్గరి కొండ లేకుండా ఎవరూ దూరపు కొండకు చేరలేదు.

మన ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉన్నారు. బస్తర్ అమ్మాయి నైనా సింగ్ ధాకడ్ 2021లో ఎవరెస్ట్ ఎక్కారు. కాబట్టి "ఇక్కడ కొండలెక్కే అలవాటు లేదు" అనే మాట చెల్లదు.

ఎక్కడికి వెళ్దాం?

మొదటి రెండు వారాలు కొండ వద్దు. ఉదయం ఆరింటికి బయలుదేరి ఖారూన్ నది వైపు పొలాల మధ్య చదునుగా ఐదారు కిలోమీటర్లు నడుద్దాం. ఎవరి బూటు కరుస్తుందో, ఎవరు నీళ్లు తాగకుండా నడుస్తారో, ఎవరు మాట్లాడుతూ వెనకబడతారో అక్కడే తెలిసిపోతుంది. ఆ ఖారూన్ శివనాథ్‌లో కలుస్తుంది, శివనాథ్ మహానదిలో కలుస్తుంది. భూగోళం పుస్తకంలో చదివిన ఉపనదిని ఒడ్డున నిలబడి చూడడం కూడా చదువే.

మూడోసారి డోంగర్‌గఢ్. దుర్గ్ నుంచి గోందియా వైపు వెళ్లే లోకల్ రైలెక్కితే రెండు గంటల లోపే దిగవచ్చు. డోంగర్ అంటే కొండ, గఢ్ అంటే కోట. కొండ మీద బమ్లేశ్వరి అమ్మవారి గుడి ఉంది, వెయ్యికి పైగా మెట్లు. రోప్‌వే ఉంది గానీ మనం నడిచే ఎక్కుదాం. నవరాత్రుల్లో లక్షల మంది వస్తారు కనుక ఆ రోజులు మానుకుందాం. అది పూజాస్థలం, కాబట్టి అరుపులు, పాటల డబ్బాలు వద్దు. ఎదురుగా ప్రజ్ఞాగిరి మీద పెద్ద బుద్ధ విగ్రహం కూడా ఉంది. మెట్ల దారి కావడం వల్ల మొదటి కొండకు అది సరిపోతుంది.

అలవాటయ్యాక కవర్ధా వైపు మైకల్ కొండలు. ఆ కొండల అడుగున భోరమ్‌దేవ్ గుడి. అది రెండు రోజుల ప్రయాణం, అందుకు అటవీశాఖ అనుమతి, పెద్దవాళ్లు ఎక్కువమంది కావాలి. గనుల కొండలకు మాత్రం మనంతట మనం వెళ్లకూడదు. అక్కడ పేలుళ్లు, భారీ యంత్రాలు ఉంటాయి. అధికారుల అనుమతితో, వాళ్ల వెంట వెళ్లి చూడాలి.

మీరు అడగబోయే ప్రశ్నలు

మొదటి ప్రశ్న మా అమ్మదే. "పదకొండో తరగతిలో ఉండి ఈ తిరుగుళ్లేమిటే? చదువెప్పుడు?" నెలకు రెండు పూటలు. మనం ఫోన్ చూస్తూ గడిపే శనివారాలు అంతకంటే ఎక్కువ. పైగా పరీక్షల నెలలైన ఫిబ్రవరి, మార్చిల్లో క్లబ్‌కు సెలవు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇక్కడి ఎండలు 45 డిగ్రీల దాకా వెళ్తాయి, వడగాలి వీస్తుంది. వానల్లో రాయి జారుతుంది. కాబట్టి మనకు మిగిలేవి అక్టోబరు నుంచి జనవరి వరకు నాలుగు నెలలు. మొత్తం ఎనిమిది నడకలు. ఎనిమిది ఉదయాలకు ఎవరి మార్కులూ తగ్గవు.

రెండో ప్రశ్న భద్రత. ఇది న్యాయమైన ప్రశ్న, దీన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లు క్లబ్‌లో ఉండకూడదు. జవాబు లెక్కలో ఉంది. 1892లో స్కాట్లండ్‌కు చెందిన నైస్మిత్ అనే కొండనడక మనిషి ఒక సూత్రం చెప్పాడు. చదునైన దారిలో 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. 5 కిలోమీటర్ల దారిలో 300 మీటర్లు ఎక్కాలంటే గంటన్నర అన్నమాట. ఆయన లెక్క గట్టి మనుషులకు. మన గుంపుకు సగం ఎక్కువ వేసుకుంటే రెండుంపావు గంటలు. దిగడానికి, తినడానికి వేరే. ఈ లెక్క ముందే వేసి, మధ్యాహ్నం రెండింటికల్లా కిందికి చేరేలా బయలుదేరితే చీకటి మన మీద పడదు. చేరకపోతే శిఖరం వదిలేసి వెనక్కి తిరగాలి. వెనక్కి తిరిగినందుకు ఎవరూ ఎవరినీ ఎగతాళి చేయకూడదు.

మిగిలిన నియమాలు చిన్నవి. పది మందికి ఒక పెద్ద తోడు. ఆఖరున ఒక మాస్టారు, ఆయన వెనక ఎవరూ ఉండకూడదు. ఆగిన ప్రతిచోటా లెక్క. ఎక్కిన దారినే దిగడం. తలకు రెండు లీటర్ల నీళ్లు. రాతి చరియలకు తేనెపట్టు కనిపిస్తే మాట్లాడకుండా పక్కకు తప్పుకోవడం, రాయి విసరడం అసలే కూడదు. కోతుల ముందు డబ్బా తెరవకూడదు. తీసుకెళ్లిన ప్లాస్టిక్ తిరిగి తీసుకురావాలి. మన స్కౌట్స్, గైడ్స్‌కు ప్రథమ చికిత్స, ముళ్లు వేయడం, దిక్సూచి చూడడం నేర్పుతూనే ఉన్నారు. ఆ చదువంతా బడి మైదానంలోనే ఎందుకు ఆగిపోవాలి?

మూడో ప్రశ్న ఖర్చు. తాళ్లు, హెల్మెట్లు, ఖరీదైన బూట్లు ఏవీ వద్దు. మనం రాతి గోడలు పట్టుకుని పాకబోవడం లేదు, దానికి శిక్షణ పొందిన గురువులు కావాలి. మనది నడక. పీటీ బూట్లు చాలు. లోకల్ రైలు టికెట్టు, ఇంటి నుంచి డబ్బా. నా డబ్బాలో పులిహోర ఉంటుంది, పక్క అమ్మాయి డబ్బాలో చీలా, ఇంకొకరి దగ్గర ఠేఠ్రీ, ఖుర్మీ. మన అట్టుకూ వాళ్ల చీలాకూ ఎంత చుట్టరికమో కొండ మీద కూర్చుని తింటే తెలుస్తుంది.

నాలుగో ప్రశ్న ఎవరూ పైకి అడగరు, కానీ మనందరి మనసులో ఉంటుంది. "రెండేళ్లలో వెళ్లిపోయేవాళ్లం, మనకెందుకివన్నీ?" నేనూ చాలా కాలం ఇలాగే అనుకున్నాను. ఎలాగూ విడిచిపోయే ఊరు, స్నేహం పెంచుకుంటే వెళ్లేటప్పుడు ఏడుపే కదా అని. కానీ లెక్క వేసి చూడండి. పన్నెండో తరగతి అయ్యేలోగా మనం నాలుగైదు ఊళ్లు మారతాం. ఏ ఊరినీ మనది అనుకోకపోతే, మన చిన్నతనం మొత్తం ఎక్కడా జరగనట్టే. రెండేళ్లే ఉంటాం కాబట్టే త్వరగా నడవడం మొదలుపెట్టాలి. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకు రేపు ఉంది. మనకు ఈ చలికాలమే ఉంది.

నా విన్నపం

ప్రిన్సిపాల్ గారికి, మాస్టార్లకు, తల్లిదండ్రులకు నేను కోరేది పెద్దదేమీ కాదు. వచ్చే అక్టోబరులో ఒక్క శనివారం ఉదయం ఇప్పించండి. ఖారూన్ ఒడ్డుదాకా నడిచి వస్తాం. అది బాగా జరిగితే రెండోది ఇవ్వండి. జరగకపోతే ఆపేయండి.

మిత్రులను కోరేది ఇంకోటి. క్లబ్‌కు ఒక పేర్ల పుస్తకం పెడదాం. నడకకు బయలుదేరే ముందు ప్రతి ఒక్కరూ తమ పక్కవాళ్ల పేరు అందులో రాయాలి, తమ పేరు కాదు. పూర్తి పేరు, ఇంట్లో పిలిచే పేరు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఇక్కడ ఎన్నాళ్లయింది. రాయడానికి అడగాలి, అడిగితే మాట్లాడాలి. ఇక ఎప్పుడైనా ఎవరైనా వెనకబడితే, కొండ వైపు తిరిగి ఏమని పిలవాలో అందరికీ తెలిసి ఉంటుంది.

ఆ పుస్తకం నేను కొంటాను. మొదటి పేజీలో ఈ నెల మన బడిలో కొత్తగా చేరినవాళ్ల పేర్లు రాద్దాం.